నాయన ఒంట్లో రంగు

ధర్మవరంలో పట్టుకు రంగు వేసేవాళ్ళ ఇంట్లో పుట్టాను నేను. మా ఊరి చీర గురించి మాట్లాడేటప్పుడు అందరూ నేసినవాళ్ళను పొగుడుతారు, కట్టుకున్నవాళ్ళను పొగుడుతారు. రంగు వేసినవాడి ఊసు ఎవరూ ఎత్తరు. ఈ మాట నేను అక్కసుగా అంటే మా నాయన నవ్వేవాడు. "రంగు పోయిందంటే మాత్రం నా పేరు అందరికీ గుర్తొస్తాది పాపా" అనేవాడు. అది నిజమే.

ఇంటి వెనక రేకుల కొట్టంలో రెండు పొయ్యిలు, వాటి మీద రెండు రాగి గంగాళాలు. ఒకదాని దగ్గర మా నాయన, ఇంకోదాని దగ్గర మా పెద్దనాయన. తెల్లటి పట్టునూలు కట్టలను, అంటే చిలపలను, వెదురుకర్రకు వేలాడదీసి, మరుగుతున్న రంగునీళ్ళలో ముంచి తిప్పుతూ ఉండేవాళ్ళు. పట్టుకు రంగు పట్టాలంటే నీళ్ళలో పులుపు ఉండాలి. అందుకని గంగాళంలో ఆసిడ్ పోస్తారు. తక్కువైతే రంగు నిలవదు, ఎక్కువైతే పట్టు పెళుసెక్కుతుంది. ఎంత పోశారన్నది కొలతతో కాదు, నాలుకతో తేల్చేవాళ్ళు. కర్ర పైకెత్తి, కొసన జారే చుక్కను వేలి మీద పట్టి, నాలుక చివర ఆనించుకొని, కళ్ళు మూసుకొని ఒక్క క్షణం ఆగి, పక్కకు ఉమ్మేసేవాడు నాయన. "ఇంగ రవ్వంత" అనో, "చాలు" అనో చెప్పేవాడు. ఆ మాట మీద ఆ రోజు పని నడిచేది.

ఆ అలవాటు మా తాతది. తాత కాలంలో గంగాళంలో లక్క, పటిక, దానిమ్మ తొక్క, చింతపండు ఉండేవి. అవన్నీ ఎట్లాగూ మనుషుల నోట్లోకి పోయేవే. నేను పుట్టకముందే రేకు డబ్బాల్లో పొడి రంగులు వచ్చాయి. చిటికెడు వేస్తే గంగాళమంతా కుంకుమలా ఎర్రగా అయ్యేది. లక్క పోయింది, పటిక పోయింది, చింతపండు పోయింది, నాలుక మాత్రం అట్లాగే ఉండిపోయింది. నాయన నాలుక ఒక రోజు పచ్చగా, ఒక రోజు ఊదాగా ఉండేది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి, ఎంత తోమినా పోయేవి కావు. ఆ చేత్తోనే సంగటి ముద్ద చేసుకొని తినేవాడు. మా అమ్మ ఎప్పుడైనా గొణిగితే, "కడుపులోకి పోతే పోనీలే, లోపల గూడా పట్టుచీర మాదిరి మెరుస్తాది" అని వేళాకోళం చేసేవాడు.

నాకు చదువు అబ్బింది. పందొమ్మిది వందల అరవైల్లో పెనుకొండ ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటర్‌గా చేరాను. ఊళ్ళోవాళ్ళు "నర్సమ్మా" అనేవాళ్ళు. బాలింతలను చూడటం, టీకాలు, బావుల్లో మందు వేయించడం, ఇంటింటికీ తిరిగి ఏది తినొచ్చో ఏది తినకూడదో చెప్పడం నా పని. చెప్పడమంటే నేను చేసింది తిట్టడమే. నాకు నోరు పెద్దది, ఓపిక తక్కువ. ఇప్పటికీ అంతే, దాపరికం లేదు.

సోమందేపల్లి దగ్గర ఒక పల్లెలో ఒక అవ్వ పురుగుమందు డబ్బాలో బెల్లం దాచుకొనింది. మూత మీద పుర్రె బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అవ్వా, నీ మనవళ్ళకు పెట్టేది బెల్లమా, విషమా?" అని వీధంతా వినేలా అరిచాను. ఆమె నన్ను చల్లగా చూసింది. "బూడిదేసి బాగ తోమినా నర్సమ్మా. ఆ డబ్బాకు చీమ గూడా పట్టదు తెల్సునా?" అంది. చీమ ఎందుకు పట్టడం లేదో ఆలోచించు తల్లీ అని తల పట్టుకున్నాను. మళ్ళీ నెల పోతే డబ్బా కనబడలేదు. సంతోషపడ్డాను. వస్తూ వస్తూ చూస్తే అటక మీద గోనెసంచి కింద ఉంది. నా అరుపుకు ఫలితం అంతే: డబ్బా చోటు మారింది.

అయినా ఆ ఉద్యోగంలో నాకు ఒక ధైర్యం ఉండేది. నేను చెప్పేది నిజం, వాళ్ళు వినకపోవడం వాళ్ళ తప్పు, అంతే. మా ఇంటి వరకూ వచ్చేదాకా ఆ ధైర్యం చెడలేదు.

ఒక వేసవిలో సెలవు పెట్టి ధర్మవరం పోయాను. రైలు దిగి ఇంటికి చేరి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మీ నాయనకు ఒంటికి పోతే నీళ్ళు ఎర్రగా వస్తాండాయి" అంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఉగాది ముందర ఒకసారి వచ్చె. నిలిచిపాయె. ఇప్పుడు మళ్ళీ."

"నొప్పి ఉందా?"

"ఏం లేదంటాడు. నేను చెప్పినానని అనొద్దు, నామీద ఇంతెత్తున లేస్తాడు."

నేను నేరుగా కొట్టంలోకి పోయి అడిగేశాను. నాయన కోప్పడలేదు, పైగా నవ్వాడు. కర్ర తిప్పడం ఆపలేదు.

"అది నెత్తురనుకొనింటివా? రంగు పాపా. రంగు దిగుతాండాది."

"ఏంది దిగేది?"

"ముప్పై ఏండ్ల నుంచి చేతుల్లో నుంచి, నోట్లో నుంచి లోపలికి పోయిన రంగు యాడికి పోతాది? ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాల గదా. చిలపను జాడించినప్పుడు చూడలేదా? మొదటి నీళ్ళు ఎర్రగా వస్తాయి. రెండో నీళ్ళు లేతగా. మూడో నీళ్ళు తేట. ఒళ్ళు గూడా అంతే. దిగేదంతా దిగిపోతే తేటగైపోతాది."

ఈ మాట నాయన ఒక్కడు పుట్టించింది కాదు. వీధిలో రంగు పని చేసేవాళ్ళందరూ అదే అనుకునేవాళ్ళు. ఎర్రగా వస్తే మంచిదని, ఒళ్ళు శుభ్రపడుతోందని, ఆ రోజు మజ్జిగ ఎక్కువ తాగాలని ఒక నమ్మకం. రంగు ముట్టని మనిషికి ఇట్లా వస్తే హడలిపోయి వైద్యుడి దగ్గరికి పరుగెత్తేవాడు. వీళ్ళకు మాత్రం భయం వేయలేదు. ఎరుపు వాళ్ళకు రోజూ కనిపించేదే కదా.

"పెద్దనాయనకు కూడా ఇట్లాగే వచ్చింది కదా?" అన్నాను. అప్పటికి పెద్దనాయన పోయి కొన్నేళ్ళయింది.

"వచ్చె. పోయె. దానికేమి?"

"మనిషే పోయినాడు కదా నాయనా!"

"అది వేడి చేసి, మూత్రం బిగించి పోయినాడు. అది వేరే, ఇది వేరే" అని గంగాళంలోకి చూస్తూ అన్నాడు. ఇంక మాట్లాడొద్దని ఆ చూపు అర్థం.

వారం తిరక్కుండానే నీళ్ళు తేటపడ్డాయి. నాయన విజయగర్వంతో నన్ను పిలిచి మరీ చెప్పాడు. "చూస్తివా నర్సమ్మా? మూడో నీళ్ళు!" అని.  లోపల పుండు ఉన్నా నెత్తురు రోజూ రాదని, వచ్చి ఆగుతుందని, ఆగినప్పుడు రోగం పోయినట్టు కాదని నేను చదువుకున్నాను. కానీ కళ్ళెదుట తేటగా కనబడుతున్నదాని ముందు నా చదువు ఏం నిలుస్తుంది? ఆయన చెప్పినట్టే జరిగింది. నేను చెప్పింది జరగలేదు. అంతే లెక్క.

వానాకాలంలో మళ్ళీ వచ్చిందని తెలిసింది. ఈసారి నేను ఊరుకోలేదు. అమ్మ చేత అన్నం మానిపించి, ఆ పంతం మీద ఎట్లాగో ఆయన్ను హిందూపురం తీసుకుపోయాను. అక్కడ ఒక పెద్ద వయసు డాక్టరు ఉండేవాడు. నెమ్మదస్తుడు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. నాయన చేతులు తిప్పి చూశాడు, గోళ్ళు చూశాడు, నాలుక చూశాడు. ఏం పని అని అడిగాడు. ఎన్నేళ్ళుగా అని అడిగాడు. నాలుకతో చూస్తామని నాయన చెప్పినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బెంగళూరుకు పోవాలప్పా. సన్నని గొట్టం వేసి లోపల చూస్తారు. మూత్రపు సంచిలో గడ్డ ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉండాదా?" అన్నాడు నాయన.

"చూడకుండా నేను ఎట్లా చెప్పేది?"

"సరే సామీ. గడ్డ ఉంటే అది ఈ రంగు వల్లేనా?"

"కావచ్చు. రంగు పొడులతో పనిచేసేవాళ్ళలో కొందరికి వస్తుందని తెలుసు. అందరికీ రాదు. ఎవరికి వస్తుందో ముందుగా తెలియదు. వచ్చినా ఇరవై ఏళ్ళకో ముప్పై ఏళ్ళకో బయటపడుతుంది."

ఆ ముసలాయన ఒక్క అబద్ధం చెప్పలేదు. ఒక్క మాట పెంచలేదు. నాకు ఆయన్ను చూస్తే దండం పెట్టాలనిపించింది, అదే సమయంలో గొంతు పట్టుకొని ఊపాలనీ అనిపించింది. కొంచెం గట్టిగా చెప్పు స్వామీ, చచ్చిపోతావని చెప్పు, భయపెట్టు అని లోపల లోపల మొత్తుకున్నాను. ఆయన మాత్రం చీటీ రాసి, "బేగ, తొందరగా పోండి" అన్నాడు అంతే.

రైల్లో నాయన కిటికీ పక్కన హాయిగా కూర్చున్నాడు. "చూడు పాపా, ఆయప్పకే తెల్దు. ఉండొచ్చంట, కావచ్చంట, కొందరికంట. రంగు నిలుస్తాదా అని బేరగాడు అడిగితే నేను నిలవొచ్చు అంటే నా దగ్గరికి ఇంకోసారి వస్తాడా?" అన్నాడు.

"డాక్టరంటే అంగడి మనిషా?"

"మా నాయన ఇదే పని చేసి ముసలితనం దాకా రాయి మాదిరి ఉండె."

"తాత లక్కతో చేశాడు నాయనా! డబ్బా రంగుతో కాదు!"

"ఏ రంగైతేనేమి, రంగు రంగే."

పెనుకొండలో నేను దిగాల్సి వచ్చింది. ఆయన ఒక్కడే ధర్మవరం పోయాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ రైలు పోయేదాకా చూశాను. డాక్టరు చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ నిజంలో నుంచి మా నాయన తనకు కావలసిన "చ్చు" ఒక్కటి ఏరుకొని జేబులో వేసుకొని పోయాడు. నేను పల్లెల్లో చెప్పే మాటల్లో నుంచి కూడా జనం ఇట్లాగే ఏరుకుంటారు కాబోలు అని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

చలికాలం వచ్చేసరికి నాయన చిక్కిపోయాడు. నేను ఇంటికి పోయిన రోజు గంగాళం దగ్గర పీట వేసుకొని కూర్చొని పని చేస్తున్నాడు. ఎప్పుడూ నిలబడి చేసే మనిషి. అమ్మ నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఎర్రగా వస్తోందట, ఈసారి ఆగడం లేదట.

"బాగా పాత రంగు ఇది" అన్నాడు నాయన, నేను నోరు తెరవకముందే. "అడుగునుండేది. అందుకే ఇన్ని రోజులు."

ఆ మాటతో నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"రంగంట రంగు! నీకు సిగ్గు లేదా నాయనా? ఊరందరికీ రంగు నిలుస్తుందో లేదో చెప్పే మనిషివి, నీ ఒంట్లోది రంగో నెత్తురో తెలియదా? రంగైతే పట్టుకు పట్టాలి కదా! ఒక చిలప ముంచి చూసుకో పో! పడితే నేను ఉద్యోగం మానేసి వచ్చి నీ గంగాళం తోముతాను!"

తండ్రితో అనే మాటేనా అది? అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నాయన నావైపు కాసేపు చూసి, కర్ర గోడకు ఆనించి, ఇంట్లోకి పోయి పడుకున్నాడు. 

మర్నాడు పొద్దున కొట్టంలో నుంచి పొగ వస్తోంది. పోయి చూశాను. నాయన పొయ్యి ముందర గొంతుక్కూర్చొని ఉన్నాడు. పొయ్యి మీద రెండు చిన్న ముంతలు. కొత్త రంగు కలిపినప్పుడల్లా ముందు కొంచెం నూలుతో నమూనా వేసి చూడటం ఆయన పద్ధతి. అట్లాగే వేశాడు. ఒక ముంతలో డబ్బా రంగు చిటికెడు కలిపిన నీళ్ళు. ఇంకో ముంతలో తన నీళ్ళు. రెండూ చూడటానికి ఒకే ఎరుపు. రెండింట్లో కొలిచి ఆసిడ్ చుక్కలు వేశాడు. ఆ రోజు నాలుకతో చూడలేదు. రెండు తెల్లటి పట్టుపోగులు తీసుకొని చెరొకదాంట్లో ముంచాడు.

అమ్మ వాకిలి దగ్గరే నిలబడి "ఛీ ఛీ, ఇదేం పని" అంటోంది. నేను ఆమె చెయ్యి పట్టుకొని ఆపాను.

నీళ్ళు వేడెక్కాయి. రంగు ముంతలో ఎరుపు కొద్దికొద్దిగా పోగులోకి ఎక్కి, నీళ్ళు తేటపడుతూ వచ్చాయి. అది నేను చిన్నప్పటి నుంచీ వేలసార్లు చూసిందే. రెండో ముంతలో నీళ్ళు నల్లగా, మట్టిరంగుగా మారాయి. పైకి తెట్టు వచ్చింది. లోపల పాలు విరిగినట్టు పలుకులు తేలాయి. నాయన పోగు పైకి తీశాడు. మురికి గోధుమరంగుగా ఉంది. లేచి బావి దగ్గరికి పోయి రెండు పోగులూ చల్లనీళ్ళలో జాడించాడు. ఒకటి ఎర్రగా నిగనిగలాడుతూ నిలిచింది. రెండోదాని మీది మురికి చాలావరకు వదిలిపోయి, వెలిసిన మరక మిగిలింది.

ఆయన ఆ పోగును వేళ్ళ మధ్య రుద్దాడు, వెలుతురుకు పట్టి చూశాడు, మళ్ళీ రుద్దాడు. వ్యాపారి ముందర తన సరుకును తానే తప్పుపట్టాల్సి వచ్చినవాడిలా చాలాసేపు నిలబడ్డాడు.

"పట్టలేదు" అన్నాడు చివరికి. "ఇది రంగు కాదు పాపా. నెత్తురే."

నేను గెలిచాను. గెలిస్తే సంతోషం ఉండాలి కదా. నేను మాత్రం బావి గట్టు మీద కూర్చుండిపోయాను. నాయనే వచ్చి నా తల మీద చెయ్యి వేసి, "బెంగళూరుకు ఎప్పుడు పోదాం?" అని అడిగాడు.

బెంగళూరు పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూశారు. హిందూపురం డాక్టరు అనుకున్నట్టే గడ్డ ఉంది. కాల్చి తీసేశారు. ఇంకా లోతుకు పోలేదని, అయినా మొదటిసారి కనబడినప్పుడే వచ్చుంటే ఇంకా మేలుగా ఉండేదని అక్కడి డాక్టరు అన్నాడు. డబ్బా రంగు ఇక ముట్టొద్దన్నాడు. కొన్ని నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలన్నాడు.

"మళ్ళీ వస్తాదా సామీ?" అని నాయన అడిగాడు.

"రావచ్చు, రాకపోవచ్చు."

ఈసారి నాయన ఆ మాటను వేళాకోళం చేయలేదు. తల ఊపాడు. డాక్టరు ఇంకొకటి అడిగాడు: ఇంట్లో గానీ వీధిలో గానీ ఇట్లా ఎర్రగా పోయినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని. నాయన మంచం పట్టీ గీరాడు. "మా అన్న" అన్నాడు. ఆ తర్వాత ఇంకొన్ని పేర్లు చెప్పాడు. ఒక్కొక్క పేరూ గుర్తు తెచ్చుకుంటూ చెబుతుంటే నాయన ముఖం పాలిపోతూ వచ్చింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు, ఇంకా సరిగ్గా నడవలేకపోతున్నా, వీధిలో రంగు పనిచేసే ఇళ్ళన్నీ తిరగడం మొదలుపెట్టాడు. నేను సెలవు పెట్టి తోడుపోయాను. నిజం చెప్పాలంటే, అక్కడ నేను గట్టిగా రెండు మాటలు అనాలని పోయాను. ఆయన నాకు సందు ఇవ్వలేదు. పోయినచోటల్లా చేతికర్ర పక్కన పెట్టి కూర్చొని, చేతులు ముందుకు చాపి చూపించి, మెల్లగా చెప్పేవాడు.

"నాకు వచ్చె అప్పా. నీకు రావచ్చు, రాకపోవచ్చు, నాకు తెల్దు. నాలుకతో మాత్రం చూడొద్దు. తినేముందర చేతులు సబ్బుతో తోము. ఎర్రగా వచ్చిందంటే రంగు దిగుతాండాదని కూర్చోవద్దు, ఆ పొద్దే చెప్పు. అది నెత్తురు. నేను పోగు ముంచి చూస్తి."

నేను పల్లెల్లో తిరిగిన ఇన్నేళ్ళలో ఇంత తక్కువ మాటల్లో ఇంత నిజం చెప్పలేదు. ఆయన భయపెట్టలేదు, తేలిక చేయలేదు. తనకు తెలిసింది ఏదో, తెలియనిది ఏదో విడదీసి చేతిలో పెట్టాడు. అందరూ విన్నారా అంటే, ఎక్కడ? "బెంగళూరోళ్ళు కత్తి పెట్టి చెడగొట్టినారు" అని వెనక అనుకున్నవాళ్ళు ఉన్నారు. "నాలుక లేకుండా పని యెట్ల జరుగుతాది మామా?" అని నవ్వినవాళ్ళు ఉన్నారు. వీధి చివర ఇంట్లో, నాయనతో పాటు పని నేర్చిన సాయిబు ఒకాయన మాత్రం, "సరే, నాలుక వద్దంటివి. మరి దేంతో చూడాల, అది చెప్పు" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వద్దని చెప్పడంతో నా పని అయిపోయిందనుకునేదాన్ని నేను. ఆ ప్రశ్నకు జవాబుగా మా ఆరోగ్య కేంద్రంలో వాడే నీలం కాగితాల సంగతి చెప్పి, దొరికే చోటు నుంచి కొన్ని తెప్పించాను. పులుపు తగిలితే ఎర్రబడే కాగితం అది. "పులుపుందని చెప్తాది గానీ ఎంతుందో చెప్పదే" అని నాయన సణిగాడు. చివరికి ఆయనా సాయిబూ కూర్చొని, ఏ గంగాళానికి ఎన్ని గరిటెల ఆసిడో తేల్చుకొని, గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నారు.

అన్ని ఇళ్ళూ అయ్యాయి. మా పక్క గుమ్మం ఒక్కటి మిగిలింది. పెద్దమ్మ ఇల్లు అది, పెద్దనాయన భార్యది. ఆ ఇంట్లో ఇప్పుడు రంగు పని చేసేవాళ్ళు ఎవరూ లేరు. అక్కడికి పోయి చెప్పాల్సిన అవసరం లేదు. నాయన మాత్రం రోజూ ఆ గుమ్మం ముందర నడక తగ్గించి, మళ్ళీ ముందుకు పోయేవాడు. 

నేను పెనుకొండ బయల్దేరాల్సిన రోజు మధ్యాహ్నం, "రా పాపా" అని నన్ను వెంటబెట్టుకొని ఆ గుమ్మం ఎక్కాడు. పెద్దమ్మ చేటలో శనక్కాయలు వలుస్తోంది. నాయన మెట్టు మీద కూర్చున్నాడు.

"వదినా, అన్నకు వచ్చింది రంగు కాదు. నెత్తురు. నాకు వచ్చిందే ఆయప్పకూ వచ్చింటాది."

పెద్దమ్మ వలవడం ఆపలేదు. "నువ్వే గదప్పా రంగు దిగుతాండాదని చెప్తివి" అంది. కోపంగా కాదు, గుర్తు చేసుకుంటున్నట్టు అంది. "ఆయప్ప భయపడి అన్నం ముట్టకుండా కూర్చొనింటే నువ్వొచ్చి, ఏం లేదు అన్నా, మంచిదే అంటివి. ఆ పొద్దు ఎంత నిమ్మళంగా తినెనో. నేను నీకు దండం పెట్టుకొంటి."

"చెప్తి వదినా. నాకు తెల్దు."

"నీకు తెల్దని నాకు తెలుసు లేప్పా."

తర్వాత ఆమె నావైపు తిరిగింది. "నువ్వు చదువుకొన్నదానివి. నువ్వు చెప్పు పాపా. మీ నాయన మాదిరే ఆయప్పను గూడా ఆ పొద్దే బెంగళూరుకు తోలకపోయింటే, బతికిండునా?"

నాయన తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు బాగా తెలుసు. లేదు పెద్దమ్మా, అప్పటికే ముదిరిపోయింది అంటే చాలు, ఇద్దరికీ ఊరట. వీధంతా వినేలా అరిచే నా నోరు ఆ రోజు అబద్ధానికి తెరుచుకోలేదు. గడ్డ ఎంతుందో ఎవరు చూశారు? ఎవరూ గొట్టం వేయలేదు, ఎవరూ చీటీ రాయలేదు. నాకు ఉన్న మాట ఒక్కటే.

"తెలీదు పెద్దమ్మా" అన్నాను.

ఆమె చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది.

"తెలీదంటే," అంది, "బతికిండొచ్చు అనే గదా."

 నాయన నేల చూస్తూ, "అవును వదినా" అన్నాడు.

పెద్దమ్మ చేట పక్కకు జరిపింది. పెద్దనాయన పోయిన రోజు కూడా గట్టిగా ఏడవని మనిషి, మా ఇద్దరి ముందర నోరు తెరిచి ఏడ్చింది. నాయన లేచి పోలేదు, ఓదార్చలేదు. ఆమె ఏడుపు అయ్యేదాకా ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.